ఏడో గీత మీద గుండు

చేపలకు గడియారాలుండవు. ఉండి ఉంటే ఈ కేసు ఈ జన్మకు తేలేది కాదు.

శనివారం మధ్యాహ్నం రెండూ పదికి తాబేలు సర్వే ఆఫీసు మెట్లెక్కాడు. మెట్లు ఆరే అయినా మధ్యలో ఒకసారి ఆగాడు. తాబేలంటే మన డిటెక్టివ్ గారే. అసలు పేరు ఒకటి ఉండేదట గాని ఆయన భార్యే దాన్ని మరిచిపోయింది. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఒక దొంగ వెంటపడి, వాడు శిక్ష పూర్తిచేసుకుని జైలు గేటు దాటే వేళకు సరిగ్గా అందుకున్నాడని చెప్పుకుంటారు. అందులో కొంత అబద్ధం ఉంది. ఆ దొంగకు శిక్ష మూడు నెలలు తగ్గించారు.

ఆయన వెనకే ఒక ఆడమనిషి ఫ్లాస్కు పట్టుకుని ఎక్కింది. బట్టలు కుట్టి బతికే మనిషి. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. ఆ తమ్ముడే సరస్సులో చేపలు లెక్కపెట్టే సర్వేయరు. ఆదివారం సాయంత్రం ఇల్లు వదిలినవాడు ఇవాళ్టికీ రాలేదు. అతనికి చక్కెర జబ్బు. పొద్దున ఒక సూది, రాత్రి ఒక సూది పడాలి. వెళ్ళేటప్పుడు సంచిలో పది సూదుల మందు పెట్టిచ్చింది అక్క. ఆ లెక్కన నిన్న శుక్రవారం పొద్దుటితో మందు అయిపోయింది. మందు లేకుండా రెండు రోజులు దాటితే తన చేతిలో ఉండదన్నాడు డాక్టరు. అంటే రేపు ఆదివారం పొద్దుటి దాకా గడువు. ఆమె ఫ్లాస్కులో మంచుముక్కల మధ్య కొత్త మందు బుడ్డీ, రెండు సూదులూ ఉన్నాయి. రాత్రి పడుకునేటప్పుడు కూడా దాన్ని చెయ్యి వదలలేదు. పడుకుంటే కదా.

సర్వే ఆఫీసరు ఎదురొచ్చి కుర్చీలు చూపించాడు. నున్నటి మనిషి. అతని వెనక గోడ మీద పెద్ద బోర్డు: ఏటా సరస్సులో వదులుతున్న చేపపిల్లలు రెండు కోట్లు. మూలన చిన్న ఫ్రిజ్. కిటికీలోంచి చూస్తే సరస్సు, దూరంగా నీళ్ళలో నిలబడ్డ పాత తూము బురుజు. ఆఫీసరు బల్ల మీద తాళాల గుత్తిని వేళ్ళతో తిప్పుతున్నాడు. గుత్తిలో అన్నీ తుప్పు తాళంచెవులే, ఒకటి మాత్రం కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది.

"అయ్యా, మీ ఫ్రిజ్‌లో మంచుముక్కలుంటే కాసిని ఇప్పిస్తారా?" అని అడిగింది అక్క. "ఫ్లాస్కులోవి కరిగిపోతున్నాయి."

"ఫ్రిజ్ పాడైందమ్మా. వారమైంది."

తాబేలు మెడను కాలర్లోకి లాక్కున్నాడు. అది ఆయన ఆలోచించే పద్ధతి. కాసేపటికి తల బయటికొచ్చింది.

"అతన్ని ఆఖరుసారి ఎప్పుడు చూశారు?"

"ఆదివారం సాయంత్రం ఆరున్నరకు. మిషను చూసుకోవాలని వచ్చాడు. ఏడింటికి వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"ఇంటికనుకున్నా. సోమవారం రాత్రి సరంగును వెంటబెట్టుకుని సర్వేకి పోయాడు. మంగళవారం పొద్దున పడవ ఒక్కటే రెల్లులో చిక్కుకుని కనిపించింది. మిగతాది మీకు తెలిసిందే."

మిగతాది ఊరంతటికీ తెలుసు. పడవ నడిపే సరంగే సర్వేయరును నీళ్ళలోకి తోసేశాడని పోలీసులు అతన్ని లోపలేశారు.

"ఆ రాత్రి సర్వే లేదని సోమవారం సాయంత్రం మీరే ఫోన్ చేశారట. సరంగు చెప్తున్నాడు."

"ఫోన్ చేసింది నిజమే. డీజిలు పోయించావా అని అడిగాను. దొరికిపోయినవాడు వంద అంటాడు కదండీ. పడవలోని మిషను అబద్ధం చెప్పదు. సోమవారం రాత్రి ఎనిమిదీ పదికి సర్వే మొదలు, పదకొండూ యాభై రెండుకు ఆఖరు. అంతా అందులో రికార్డయింది. సర్వేయరు తెర చూసుకుంటుంటే పడవ నడిపేవాడు ఇంకొకడు ఉండి తీరాలి. వీడు తప్ప ఇంకెవడు?"

"మీరెప్పుడైనా ఆ పడవలో పోయారా?"

"నాకెందుకండీ ఆ అవస్థ? ఇరవై ఏళ్ళుగా ఈ కుర్చీలో కూర్చునే రిపోర్టులు చూస్తున్నాను."

"తెలియక అడుగుతున్నా, చదువు తక్కువవాణ్ణి. సర్వే రాత్రిళ్ళే ఎందుకు చేస్తారు?"

"రాత్రయితే గాలి తక్కువ. వేరే పడవలు అడ్డం రావు. ఇంకేముంది?"

అక్క తలెత్తి ఆఫీసరును చూసింది. ఏదో అనబోయింది. తాబేలు కుర్చీ కిర్రుమనిపించి లేచాడు.

"పడవ చూసుకోవచ్చా?"

"నిరభ్యంతరంగా. నేను మాత్రం రాలేను. నాలుగింటికి కట్ట మీద పనుంది." ఆఫీసరు గుత్తి జేబులో వేసుకున్నాడు.

మెట్లు దిగుతూ తాబేలు మెల్లగా అన్నాడు: "చెల్లెమ్మా, పాడైన ఫ్రిజ్ గుర్రుమనడం నేనెక్కడా వినలేదు. నువ్వు విన్నావా?"

"నేను ఆ మాట వినలేదన్నయ్యా. రాత్రెందుకు చేస్తారని మీరడిగితే తప్పు జవాబు చెప్పాడు. దాని దగ్గరే ఆగిపోయాను."

"అదీ చెబుదువుగాని. ముందు పడవెక్కు."

*

పడవ షెడ్డులోకి రావడానికి ఆఫీసు నుంచి రెండు వందల అడుగులు. తాబేలుకి ఎనిమిది నిముషాలు పట్టింది. దారిలో బురద, కట్టుతాళ్ళు, పడవ కర్రలు అన్నీ చూసుకుంటూ వచ్చాడు. చివరికి రెండూ నలభై అయిదుకు పడవలో కాలుపెట్టాడు.

సర్వే పడవ పెద్దదేం కాదు. ముందు సరంగు కూర్చునే చోటు, వెనక చిన్న గది, గదిలో తెర. పడవ పక్కన గొట్టానికి బొంగరమంత పెట్టె బిగించి ఉంది. నీళ్ళలోకి చప్పుడు పంపేది అదే, సోనార్. మన చెవికి ఆ చప్పుడు వినపడదు. చేప కడుపులోని గాలితిత్తికి తగిలి తిరిగొస్తుంది. తిరిగొచ్చిన ప్రతి చప్పుడూ తెర మీద ఒక మచ్చ. సరస్సుకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు పన్నెండు గీతలు గీసుకుని, ఒక్కో గీత మీదా పడవను ఒకే వేగంతో నడిపి, మచ్చలు లెక్కగట్టి మొత్తం సరస్సులో చేపలెన్నో తేలుస్తారు. ఈ సంగతులన్నీ చెప్పింది అక్కే. తమ్ముడు రోజూ అన్నం తింటూ ఆమెకు పాఠం చెప్పేవాడు. వినేవాళ్ళు ఇంకెవరూ లేక.

"మూడేళ్ళలో చేపలు మూడో వంతుకు పడిపోయాయన్నయ్యా. ఈసారి కూడా అంతే వస్తే సరస్సు రెండేళ్ళు మూసెయ్యాలని రాస్తానన్నాడు. ఏటా రెండు కోట్ల పిల్లల్ని వదిలితే అవన్నీ ఏ ఆకాశానికి ఎగిరిపోయాయో అడుగుతానన్నాడు."

"ఆఫీసరునా?"

"ఆఫీసరునే."

తాబేలు గదంతా ముక్కుతో వాసన చూసినంత పని చేశాడు. బల్ల కింద ఒక చెక్కపెట్టె దొరికింది. లోపల మెత్తటి గుడ్డ, గుడ్డలో నిమ్మకాయంత గుంట. గుంటలో ఏమీ లేదు.

"ఇందులో ఏముండాలి?"

"గుండు. చిన్నదే గాని అరకిలో బరువుంటుంది. సర్వే మొదలెట్టే ముందు సన్న తాడుకు కట్టి మిషను కింద వేలాడదీస్తారు. దాని చప్పుడు ఎంత గట్టిగా తిరిగి రావాలో ముందే తెలుసు కదా, దాన్ని బట్టి మిషను సరిగ్గా ఉందో లేదో చూసుకుంటారు. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. మధ్యలో తియ్యరు. పని అవగానే తుడిచి పెట్టెలో పెట్టేస్తాడు. దాని మీద గీత పడితే వాడికి అన్నం సయించదు."

"ఇప్పుడు లేదు."

"లేదు."

ఆమె మిషను మీట నొక్కింది. తెర వెలిగింది. మూల మీద అక్షరాలు: సోమవారం, రాత్రి 8:10. మొదటి గీత కదిలింది. నల్లటి నీళ్ళు, కింద సరస్సు అడుగు పచ్చటి పట్టీలా. అడుగును ఆనుకుని పెద్ద పెద్ద ముద్దలు.

అక్క తెరకు మొహం దగ్గరపెట్టింది. రెండో గీతకు తిప్పింది. మూడోదానికి. 

"అన్నయ్యా, ఇది రాత్రి కాదు."

"మిషను రాత్రంటోంది."

"మిషను గడియారాన్ని ఎవరైనా తిప్పచ్చు. చేపల్ని తిప్పలేరు. పగలు చేపలు మందకట్టి అడుగున ముద్దగా పడుంటాయి. చీకటి పడ్డాకే విడిపోయి పైకొస్తాయి. అప్పుడు తెర మీద గుండీల డబ్బా ఒలికినట్టు ఒక్కోటీ విడిగా కనిపిస్తుంది. లెక్కపెట్టుకోవచ్చు. అందుకే వాడు రాత్రిళ్ళు పోయేది. గాలి కోసం కాదు, పడవల కోసం కాదు." ఆమె తెర మీద వేలు పెట్టింది. "ఈ ముద్దలు చూడండి. ఒక్క గుండీ లేదు. ఇది పట్టపగలు తీసింది."

తాబేలు మెడ మళ్ళీ కాలర్లోకి పోయింది. ఈసారి చాలాసేపు రాలేదు. వచ్చాక మాట నెమ్మదిగా వచ్చింది.

"గడియారం తిప్పమన్నవాడికి ఈ సంగతి తెలియదు. తిప్పినవాడికి తెలుసు. తెలిసీ నోరు మూసుకుని, చెప్పినట్టల్లా చేశాడు. మీ తమ్ముడు గట్టివాడే చెల్లెమ్మా. మిగతా గీతలు చూపించు."

నాలుగు, అయిదు, ఆరు. ముద్దలే. ఏడో గీత సగంలో అక్క చెయ్యి ఆగిపోయింది.

పడవ కదలకుండా నాలుగు నిముషాలు నిలబడినట్టుంది. ఆ నాలుగు నిముషాలూ తెర మీద సన్నటి తెల్లగీత ఒకటి పైనుంచి అడుగుదాకా దిగి, మళ్ళీ పైకొచ్చి, మళ్ళీ దిగింది. మూడుసార్లు. రంపం పళ్ళలా.

"గుండు," అంది అక్క. "ఏడో గీత నడుమ గుండు దింపాడు. మూడుసార్లు లాగాడు. వాడు చావనైనా చస్తాడు గాని ఇలాంటి పని చెయ్యడు."

"ఎవరైనా చూసి ఇదేంటని అడిగితే, రోజూ చేసేదేనంటాడు. తెలియనివాడు నమ్ముతాడు. ఏడో గీత ఏ చోటు నుంచి పోతుంది?"

ఆమె పటం వెతికేలోగా షెడ్డు బయట జీపు ఆగింది.

*

లోపలికొచ్చినవాణ్ణి ఊళ్ళో ఇస్త్రీ ఇన్‌స్పెక్టరంటారు. అతని ప్యాంటు మడతకు ఒకసారి ఈగ తగిలి రెండు ముక్కలైందని కానిస్టేబుళ్ళు చెప్పుకుంటారు. ఈగ సంగతి నాకు తెలియదు. తాబేలు కింద మూడేళ్ళు పని నేర్చుకుని, నాలుగో ఏట ఆయన్నే రిటైర్మెంటు దాకా ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టినవాడు మాత్రం ఇతనే.

అతని వెనక సంకెళ్ళతో సరంగు. ఎడమ బుగ్గ ఇంకా వాచే ఉంది.

"ఏంటి పెద్దాయనా, నిన్న బయల్దేరి ఇప్పటికి పడవ చేరారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మీరు కొంచెం తప్పుకుంటే వీడు ఎలా తోశాడో చూపిస్తాడు. సాయంత్రానికి కేసు కట్టేస్తా."

"నేనెవర్నీ తోయలేదు సార్," అన్నాడు సరంగు. చెప్పి చెప్పి అరిగిపోయిన మాట. తర్వాత అక్క వైపు తిరిగాడు. "అక్కగారూ, మీరైనా నమ్మండి. వాడు నన్ను బాబాయ్ అని పిలిచేవాడు."

"నమ్ముతున్నాను," అంది ఆమె.

"సోమవారం పగలు నువ్వెక్కడున్నావు?" అని అడిగాడు తాబేలు.

"పళ్ళ డాక్టరు దగ్గర. పొద్దున ఎనిమిదికి పోతే సాయంత్రం నాలుగున్నరకు వదిలాడు. పన్ను పీకాక రక్తం ఆగలేదు."

"ఆ చీటీ నా దగ్గరే ఉంది," ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "హత్య రాత్రి. పన్ను పగలు. పన్నుకీ హత్యకీ పొత్తు కుదరలేదు పాపం."

"ఈ సర్వే మూడు గంటల నలభై నిముషాలు నడిచింది నాయనా. పట్టపగలు నడిచింది. పగలంతా ఇతను నోరు తెరుచుకుని డాక్టరు ముందున్నాడు. అంటే పడవ నడిపింది ఇతను కాదు."

"పగలని ఎవరు చెప్పారు?"

"చేపలు."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి చేతిగుడ్డ తీసి నుదురు తుడుచుకుని, మడత చెడకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "కోర్టులో చేపల్ని బోనెక్కిస్తారా? సమన్లు ఎవరిచ్చి వస్తారు, మీరేనా? మీరు వెళ్ళేసరికి అవి ముసలివైపోతాయి."

ఆ క్షణాన సరస్సు మీదుగా సైరన్ కూత వినిపించింది. పొడుగ్గా కూసి ఆగింది. షెడ్డు గోడ మీద గడియారం మూడూ ముప్పై రెండు.

"అదేమిటి?" అంది అక్క.

"గేట్లు ఎత్తే ముందు కూత," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఇంకా అరగంటుంది. నాలుగింటికి రెండు తూములూ తెరిపిస్తున్నా. నాలుగడుగుల నీరు దిగితే, రెల్లులో ఎక్కడ ఇరుక్కుందో ఏమో, శవం అదే బయటపడుతుంది."

అక్క ఫ్లాస్కును రెండు చేతులతో కడుపుకు హత్తుకుంది. "శవమనకండి. వాడికి రాత్రి మందు వేళవుతోంది."

 ఇన్‌స్పెక్టరు చూపు ఫ్లాస్కు మీద పడి పక్కకు తప్పుకుంది.

తాబేలు సరంగును అడిగాడు: "ఏడో గీత నడిమధ్య, నీళ్ళలో ఏముంటుంది?"

"ఏముందండీ, పాత తూము బురుజు. గీత దాని పక్కనుంచే పోతుంది. వంద గజాలు కూడా ఉండదు."

"చూశాం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మంగళవారమే చూశాం. తలుపు తాళానికి పదేళ్ళ తుప్పుంది. ఎవరూ తెరవలేదు."

"అది పైతలుపు సార్," అన్నాడు సరంగు. "నీటిమట్టం కొలత చూడ్డానికి పక్కన ఇంకో చిన్నదారి ఉంది. అక్కణ్ణుంచి లోపలి బావిలోకి ఇనప నిచ్చెన. నడుమ ఒక ఇనప ఊచల జాలీ అడ్డం ఉంటుంది, మనిషి పట్టే మూతతో. దానికి కింద బావి పొడిగానే ఉంటుంది, తూము మూసి ఉన్నన్నాళ్ళూ."

"ఆ జాలీ తాళం ఎవరి దగ్గరుంటుంది?"

"సర్వే ఆఫీసులో. పోయిన నెల కొత్త తాళం వేశారు."

తాబేలుకి కొత్త పెళ్ళికొడుకు గుర్తొచ్చాడు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఆయన గొంతులో ఇప్పుడు వేళాకోళం లేదు.

"నీరు దించడానికి కొత్త తూము చాలు. పాతది కూడా ఎత్తమన్న ఆలోచన నీదేనా?"

ఇన్‌స్పెక్టరు చేతిగుడ్డ మళ్ళీ తీశాడు. "ఆఫీసరు... తొందరగా దిగుతాయన్నాడు. నేను సరేనని సంతకం పెట్టాను."

"సరంగూ, పాత తూము ఎత్తితే ఏమవుతుంది?"

"ముందు బావి నిండుతుందండీ. తర్వాతే సొరంగంలోంచి అవతలికి పోతుంది. ఇరవై నిముషాల్లో నీళ్ళు జాలీని ముంచేస్తాయి."

తాబేలు పరుగెత్తాడు. నేను ఊరికే అనడం లేదు. ఆ ఎనిమిది నిముషాల దారిని ఆయన ఒక్క నిముషంలో దాటాడు. ఇన్‌స్పెక్టరు ఆయన వెనకాల పడ్డాడు.

*

గేట్ల గదికి నేరుగా పోయే ఫోను ఆఫీసరు బల్ల మీదే ఉంది. ఆఫీసరు కుర్చీ ఖాళీ. ఇన్‌స్పెక్టరు ఫోను తీసుకుని తిప్పుతుంటే, తాబేలు రొప్పుతూ ఫ్రిజ్ తలుపు లాగాడు.

చల్లగాలి మొహాన కొట్టింది. అడుగు అరలో పువ్వుల గుడ్డతో కుట్టిన చిన్న సంచి.

వెనకే వచ్చిన అక్క దాన్ని లాక్కుంది. ఎవరు కుట్టారని అడిగే పనిలేదు. ముడి విప్పి వేళ్ళతో తడిమింది.

"రెండున్నాయి. పదింటిలో ఇంకా రెండున్నాయి." ఆమె పెదాలు లెక్కపెడుతున్నాయి. ఆదివారం రాత్రి ఒకటి, సోమవారం రెండు, మంగళవారం రెండు, బుధవారం రెండు. "గురువారం పొద్దుటితో ఆపేశాడు. అన్నయ్యా, రెండు రోజులు రేపటికి కాదు, ఇవాళ పొద్దుటికే దాటిపోయాయి."

సంగతి మొత్తం తాబేలు కళ్ళ ముందు నిలబడింది. ఆదివారం సాయంత్రం నీటిమట్టం కొలత చూడాలని ఆఫీసరు సర్వేయరును బావిలోకి దింపాడు. మందు సంచి తన దగ్గర ఉంచుకున్నాడు. సోమవారం పగలు, నిండు సరస్సులా కనిపించే లెక్క తయారు చెయ్యమని పడవెక్కించాడు. పారిపోతే సూది లేదు. అరిస్తే సూది లేదు. మునిగిన చెట్ల మధ్య రాత్రి పడవ నడపడానికి ఆఫీసరుకు భయం, అందుకే పగలు. ఆ తర్వాత ఆ లెక్క కింద సంతకం పెట్టమని ఒక్కో సూదీ చూపించి అడిగాడు. గురువారం పొద్దుటిదాకా అడిగాడు. ఇక పెట్టడని తెలిశాక సూదులు ఆపేసి, ఇన్‌స్పెక్టరు చేత గేటు ఎత్తించే ఉపాయం పన్నాడు. శవం సొరంగంలోంచి అవతలికి వస్తుంది. నీళ్ళలో మునిగి చచ్చినవాడి ఒంట్లో నీళ్ళే ఉంటాయి. సరంగు ఉరికంబం ఎక్కుతాడు.

"హలో," అన్నాడు ఇన్‌స్పెక్టరు ఫోనులో. "గేట్లు ఎత్తకండి. వెంటనే..."

అవతలి గొంతు గది అంతటికీ వినిపించింది. నున్నటి గొంతు.

"ఇన్‌స్పెక్టరు గారా? మీ కాగితం ప్రకారమే చేశానండీ. కొంచెం ముందే ఎత్తించాను, చీకటి పడకుండా మీ పని అయిపోతుందని. మూడూ ముప్పై రెండుకే. కూత వినలేదా?"

"దించండి. నేను చెప్తున్నా, దించండి."

"మోటారు పనిచెయ్యడం లేదండీ. గేటు మనిషి కిందికెళ్ళాడు. తలుపు కూడా లోపల్నుంచి ఇరుక్కుపోయినట్టుంది." ఫోను పెట్టేశాడు.

గోడ గడియారం మూడూ ముప్పై ఎనిమిది. ఇరవైలో ఆరు నిముషాలు అయిపోయాయి.

"నా సంతకం," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పెద్దాయనా, నా సంతకంతో..."

"తర్వాత ఏడుద్దువుగాని. నువ్వు జీపులో కట్ట మీదికి పో. తలుపు పగలగొట్టు. చేత్తో తిప్పే చక్రం ఉంటుంది, దాన్ని తిప్పించు. సంకెళ్ళ తాళం ఇలా పారెయ్."

*

మూడూ నలభై ఒకటికి పడవ షెడ్డు దాటింది. సరంగు మణికట్ల మీద సంకెళ్ళ ముద్రలు ఎర్రగా ఉన్నాయి. ముందు అక్క, ఆమె ఒళ్ళో ఫ్లాస్కూ పువ్వుల సంచీ. వెనక తాబేలు. ఆయనకు ఈత రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికి ఇది సమయమూ కాదు.

"మామూలు దారైతే పన్నెండు నిముషాలు," అన్నాడు సరంగు. "మునిగిన చెట్ల మీదుగా పోతే ఏడు."

"చెట్ల మీదుగానే పోనీ."

కట్ట మీద జీపు దుమ్ము లేపుకుంటూ పోవడం కనిపించింది. తర్వాత ఆగింది. ఇస్త్రీ మనిషి బురదలోకి దూకి గేట్ల గది వైపు పరుగెత్తాడు. తలుపును భుజంతో గుద్దుతున్నాడు. ఒకసారి. రెండోసారి. తలుపు కదల్లేదు.

ఎండిన కొమ్మలు నీళ్ళలోంచి వేళ్ళలా పైకి లేచి ఉన్నాయి. సరంగు వాటి మధ్య నుంచి పడవను కుట్టుపని చేసినట్టు నడుపుతున్నాడు. మూడూ నలభై అయిదు. ఏదో గీసుకుంది అడుగున. ఇంజను ఒకసారి మూలిగి ఆగిపోయింది.

"నాచు చుట్టుకుంది." సరంగు కత్తి పళ్ళ మధ్య పెట్టుకుని, వాచిన బుగ్గతోనే, పడవ వెనక నుంచి నీళ్ళలోకి వంగాడు.

ఇంజను ఆగాక సరస్సు మీద నిశ్శబ్దం కమ్ముకుంది. బురుజు ఇక్కడికి రెండు వందల గజాలే. దాని పాదం దగ్గర నీళ్ళు గుండ్రంగా తిరుగుతున్నాయి.

అప్పుడు వినిపించింది.

టంగ్.

కాసేపాగి మళ్ళీ. టంగ్.

ఇనుము మీద ఇనుముకన్నా బరువైనదేదో. అక్క పడవ అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"గుండు," అంది. "గుండు వాడి దగ్గరే ఉంది."

సోమవారం పడవ దిగేటప్పుడు సర్వేయరు దాన్ని చొక్కాలో దాచుకున్నాడు. అయిదు రోజులుగా ఎవరూ వినని చోట కొడుతున్నాడు. ఇప్పుడు ఒక్కో దెబ్బకూ చప్పుడు కొంచెం పైనుంచి వస్తోంది. టంగ్. ఇంకొంచెం పైనుంచి. టంగ్.

"ఎక్కుతున్నాడు," అన్నాడు తాబేలు. "మెట్టుకో దెబ్బ కొడుతున్నాడు. కింద నీళ్ళు తరుముతున్నాయి."

"ఎక్కు నాన్నా," అంది అక్క. గట్టిగా కూడా అనలేదు. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు అంది. "ఎక్కు. వస్తున్నా."

దెబ్బల మధ్య ఎడం పెరుగుతోంది. ఒకసారి ఎంతకీ రాలేదు. ఆమె కళ్ళు మూసుకుంది. వచ్చింది. టంగ్.

సరంగు నాచు కోసి పారేసి లేచాడు. ఇంజను తాడు లాగాడు. పట్టలేదు. మళ్ళీ లాగాడు. కాలి దగ్గరున్న లంగరును తాబేలు రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. తాళంచెవి అవతల గేట్ల గదిలో, ఒక నున్నటి మనిషి జేబులో ఉంది. వీళ్ళ దగ్గరున్నదల్లా ఈ లంగరే. మూడూ నలభై ఏడు.

"సరంగూ, జాలీ ఎంత ఎత్తులో ఉంటుంది?"

"నీటిమట్టానికి రెండు నిలువుల కింద సార్." సరంగు మూడోసారి తాడు లాగాడు. "అక్కడిదాకా వచ్చాక ఇంక ఎక్కడానికి ఉండదు."

ఇంజను అంటుకుంది. కాని ఆ గోలలోకి మునిగిపోయే ముందు, ముగ్గురూ విన్నారు. చప్పుడు మారింది. నిచ్చెన మోత ఒకలా ఉంటుంది, టంగ్‌మని ఒంటరిగా. ఇది అలా లేదు. వెడల్పుగా, గలగలమంటూ, ఆపకుండా, దెబ్బ మీద దెబ్బ.

ఇప్పుడు మోగుతున్నది జాలీ.